గన్నవరం నుంచి శంషాబాద్ ఎంత దూరం?

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల్ని పేరుపేరునా తలుచుకుంటే నాకిచ్చిన ఇరవై నిమిషాలూ అక్కడే అయిపోతాయి, మన్నించాలి. గ్రంథాలయ వారోత్సవాలు కదా, పిల్లలకి అట్లాసు చూడటం నేర్పమన్నారు. ముప్ఫై ఏళ్లు సోషల్ చెప్పినవాణ్ణి. గ్లోబూ, ఓ దారప్పోగూ తెచ్చుకున్నాను.

దారం ఒక కొస హైదరాబాద్ మీద, రెండోది శాన్‌ఫ్రాన్సిస్కో మీద పెట్టి బిగించాను. చూడండి. ఈ గుంటూరులో సగం ఇళ్ల పిల్లలు అటే ఉన్నారుగా! గోడ పటం చూస్తే తూర్పుగా పసిఫిక్ దాటాలనిపిస్తుంది. దారమేమో సైబీరియా మీదుగా ఆర్కిటిక్ దాకా ఎక్కి దిగింది. దగ్గరదారి అదే, సుమారు 13,500 కిలోమీటర్లు.

మన సంగతికొద్దాం. గన్నవరం నుంచి శంషాబాద్‌కి సూటిగా సుమారు 264 కిలోమీటర్లు. బెజవాడ నుంచి హైదరాబాద్‌కి రోడ్డున పోయినా 275 దాకానే. ఏటీఆర్ అనే చిన్న పంకాల విమానం గంటకి 500 పోతుంది. అంటే అరగంట చాలాలి. టికెట్ మీద గంట ఎందుకు వేస్తారు? చక్రాల కింద అడ్డాలు తీసిన క్షణం నుంచి అక్కడ మళ్లీ పెట్టేదాకా లెక్క. రన్‌వే దాకా పాకాలి, పైకెక్కాలి, దిగాలి. లేచేటప్పుడూ దిగేటప్పుడూ గాలికి ఎదురుగా ఉండాలి, అందుకో చుట్టు.

ఇక్కడ నా గోడు చెప్పుకోవాలి, రెండే నిమిషాలు. మనవరాలి బారసాల, జనవరి నెల. "రైలెందుకు నాన్నా, విమానమైతే గంటే" అన్నాడు మావాడు. గంటే! బ్రాడీపేటలో నాలుగున్నరకి కారెక్కాను. మంగళగిరి, వారధి, బెంజి సర్కిల్, రామవరప్పాడు... 50 కిలోమీటర్ల పైమాటే. అది ఆ గంటలో లేదు. ముందుగా వెళ్లి కూర్చోవడం ఆ గంటలో లేదు. పైగా పొగమంచు. హైదరాబాద్ నుంచి రావాల్సిన విమానం మా నెత్తిన తిరుగుతోంది, మోత వినిపిస్తోంది, మనిషి కనిపించడు. రెండు చుట్లు కొట్టి వెనక్కి పోయింది. మంచు విడిచి, అది మళ్లీ వచ్చి, నన్ను శంషాబాద్‌లో దింపేసరికి మధ్యాహ్నం రెండు. అక్కణ్ణుంచి ఇంటికి ఊరంతా దాటాలి.

వెళ్లేసరికి బియ్యంలో పేరు రాసేశారు. మా బావగారు అదే రోజు తెల్లారుజామున గుంటూరులో పల్నాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కారు. నడికుడి, నల్గొండ మీదుగా ముందే చేరి, పులిహోర రెండుసార్లు వడ్డించుకుని, నాకోసం వేసిన మంచం మీద గుర్రు పెడుతున్నారు. "గంటేగా బావా, ఇంత ఆలస్యమేం?" అన్నారు లేచి. ఆ మాట ఇప్పటికీ పెళ్లిళ్లలో అంటారు.

అమ్మలూ, మీరు చెప్పండి. గుంటూరు నుంచి విమానంలో హైదరాబాద్ ఎంతసేపు? గంటన్నవాళ్లు చేతులెత్తండి. ఊహూఁ, ఒక్కరూ లేరు! పటంలో దూరం అడిగితే గన్నవరం నుంచి కొలవండి. ఎంతసేపని అడిగితే మీ గడప నుంచి కొలవండి.

లైబ్రేరియన్ గారు గడియారం చూపిస్తున్నారు. పిల్లలూ, ఇద్దరిద్దరుగా రండి. భూమధ్యరేఖ చుట్టూ పట్టిన దారం 40,000 కిలోమీటర్లు అనుకుని గన్నవరం నుంచి ఢిల్లీకి కొలవండి. 1,400కి కాస్త అటూఇటూగా రావాలి. 2,000 వచ్చిందంటే దారం బిగించలేదన్నమాట, మళ్లీ పట్టండి.