తగరపు చుక్క

శ్రోతలకు నమస్కారం.

టెక్నాలజీలో ఏ దేశం ముందుంది, ఏది వెనకబడింది అన్న మాట రోజూ వింటూనే ఉన్నాం. అమెరికా, చైనా, యూరప్, జపాన్... ఆ లెక్కలన్నీ ఈ కొద్ది నిమిషాల్లో చెప్పను. కంప్యూటర్లు, ఫోన్లలో ఉండే చిప్‌ల మీద గీతలు ముద్రించే ఒక్క యంత్రం గురించి చెబుతాను. అదంటే నాకు ఎంతో ఇష్టం.

కరిగిన తగరపు చుక్కను ఊహించుకోండి. తలవెంట్రుక కన్నా సన్నం. అలాంటి చుక్కలు గాలి లేని గదిలో సెకనుకు 50,000 చొప్పున దూసుకుపోతుంటాయి. ఒక్కో చుక్కనూ లేజర్ రెండుసార్లు కొడుతుంది. మొదటి దెబ్బకు చుక్క బిళ్ళలా పరుచుకుంటుంది. రెండో దెబ్బకు భగ్గుమని కంటికి కనిపించని కాంతిని చిమ్ముతుంది. ఆ కాంతి తరంగదైర్ఘ్యం 13.5 నానోమీటర్లు. దాన్ని గాలి మింగేస్తుంది, గాజు కూడా మింగేస్తుంది. అందుకే లోపల శూన్యం, కటకాల బదులు అద్దాలు. అత్యాధునిక చిప్‌ల మీద అతి సన్నని గీతలు పడేది ఈ కాంతితోనే. మళ్ళీ చెబుతాను: సెకనుకు 50,000 చుక్కలు, ఒక్కోదానికి రెండు దెబ్బలు!

ఈ యంత్రాన్ని అమ్మేది నెదర్లాండ్స్‌లోని వెల్డ్‌హోవెన్‌లో ఉన్న ఏఎస్ఎంఎల్ అనే కంపెనీ. అద్దాలు జర్మనీలోని జైస్ కంపెనీవి, లేజర్ అక్కడిదే అయిన ట్రంఫ్‌ది. కాంతిని పుట్టించే భాగం మీద పని అమెరికాలోని శాన్ డియేగోలో జరిగింది. ఇక మొదలు జపాన్‌లో. ఇలాంటి కాంతితో బొమ్మ ముద్రించానని 1986లో హిరూ కినోషితా అనే పరిశోధకుడు అక్కడి శాస్త్రవేత్తలకు చెబితే, వాళ్ళకు నమ్మకం కుదరలేదు. ఈ పద్ధతిలో చేసిన చిప్‌లు ఫోన్లలోకి వచ్చింది 2019లో. ముప్ఫై మూడేళ్ళు!

మధ్యలో ఈ పని ఆగిపోయేదే. అమెరికా జాతీయ ప్రయోగశాలల్లో ఈ పరిశోధనకు 1996లో ప్రభుత్వ నిధులు తెగిపోయాయి. మరుసటి ఏడాది చిప్‌లు తయారుచేసే ఇంటెల్ మరికొన్ని కంపెనీలను కూడగట్టి డబ్బు పెట్టబట్టి ఆ బృందాలు చెదిరిపోకుండా నిలిచాయి. ఈ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

ఇప్పుడు అదే యంత్రం చుట్టూ రాజకీయం నడుస్తోంది. దాన్ని చైనాకు పంపడానికి నెదర్లాండ్స్ అనుమతి ఇవ్వడం లేదు. అమెరికా 2022లో చిప్‌ల ఎగుమతులపై ఆంక్షలు బిగించింది. అదే ఏడాది చిప్స్ చట్టం తెచ్చి, సొంతగడ్డపై కర్మాగారాలకూ పరిశోధనకూ సుమారు 5,270 కోట్ల డాలర్లు కేటాయించింది. భద్రత కోసం ఆంక్షలు అవసరమయ్యే సందర్భాలు ఉంటాయి, కాదనను. అయితే ఎదుటివాణ్ణి ఆపడానికి పెట్టే శ్రద్ధలో సగమైనా మన పరిశోధన ఆగకుండా చూడటానికి పెట్టాలని నా అభిప్రాయం.

ఏ దేశ ప్రభుత్వమైనా టెక్నాలజీకి భారీ నిధులు ప్రకటించినప్పుడు ఒక్క ప్రశ్న వేయండి. ఎన్నేళ్ళకు? ఎంత అన్నది ప్రకటనలోనే ఉంటుంది. ఎన్నేళ్ళకు అన్నది మనమే అడగాలి. మధ్యలో ఎన్నికలు వచ్చి ప్రభుత్వం మారితే, ఆరో ఏట ఆ ప్రయోగశాలలో అద్దాలు నునుపు చేసే మనిషికి జీతం ఎవరిస్తారు?

సెలవు. నమస్కారం.