హమమత్సులో కాపురం

శ్రోతలందరికీ నమస్కారం.

జపాన్ అనగానే మనలో చాలామందికి టోక్యో గుర్తొస్తుంది, ఆ వెంటనే బుల్లెట్ రైలు. టోక్యో నుంచి ఒసాకా వెళ్లే దారిలో అన్నిటికంటే వేగంగా పోయే రైలు పేరు నొజొమి. ఆ రైలు నేను చెప్పబోయే ఊళ్లో ఆగదు. ఊరి పేరు హమమత్సు. ఆ రెండు మహానగరాలకూ దాదాపు నడిమధ్యన, పసిఫిక్ ఒడ్డున ఉంటుంది. ఉత్తరాన కొండలు, దక్షిణాన ఇసుకతిన్నెలు, పడమర హమనా సరస్సు. జనాభా 8 లక్షలకు కాస్త తక్కువ. మా ఆయన ఉద్యోగం అక్కడ కాబట్టి మా కాపురమూ అక్కడే పెట్టాం.

హమమత్సు పేరు వినకపోయినా, ఆ ఊరి సరుకు మన వీధుల్లో తిరుగుతూనే ఉంది. సుజుకి కంపెనీ ముఖ్య కార్యాలయం అక్కడే. 1909లో మగ్గాలు తయారు చేసే చిన్న కర్మాగారంగా మొదలైంది. 1982లో మన ప్రభుత్వంతో ఒప్పందం కుదుర్చుకుని, ఆ మరుసటి ఏడాది చివర్లో మారుతి 800 కారును రోడ్డెక్కించింది ఆ కంపెనీయే. హోండా స్థాపకుడు పుట్టిందీ ఆ ప్రాంతంలోనే, యమహా పియానోలు తయారయ్యేదీ ఆ చుట్టుపక్కలే. ఇన్ని కర్మాగారాలున్న ఊరికి పనివాళ్లు కావాలి. అసలు కథ అక్కడే మొదలవుతుంది.

1908లో కసాతో మారు అనే ఓడలో 781 మంది జపాన్ వాళ్లు కాఫీ తోటల్లో కూలికి బ్రెజిల్ వెళ్లారు. వాళ్ల తర్వాత లక్షల మంది వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. 1980ల చివర జపాన్‌లో పనులు జోరుగా ఉండి మనుషులు చాలలేదు. 1990లో జపాన్ వలస చట్టాన్ని మార్చి, ఆ వెళ్లినవాళ్ల పిల్లలూ మనవలూ వచ్చి ఏ పనైనా చేసుకోవచ్చంది. హమమత్సుకు బ్రెజిల్ నుంచి, పెరూ నుంచి కుటుంబాలు దిగాయి. జపాన్ మొత్తంలో బ్రెజిల్ వాళ్లు ఎక్కువగా ఉండే నగరం ఇప్పటికీ అదే. ముఖాలు జపాన్ వాళ్లవే, పేర్లూ వాళ్లవే, మాట మాత్రం పోర్చుగీసు. తాతల ఊరని వచ్చినవాళ్లను ఊరు విదేశీయులుగానే చూసింది.

నాకు తెలిసినంతలో, విదేశీయుడి బతుకు ఎలా ఉంటుందన్నది ఒక్క విషయం మీద ఆధారపడి ఉంటుంది. ఊరు అతణ్ని పని కోసం వచ్చినవాడిగా చూస్తుందా, కాపురానికొచ్చినవాడిగా చూస్తుందా? పెద్ద నగరంలో ఇది అంతగా తెలియదు. అక్కడ ఎవరి గోల వాళ్లది. హమమత్సులాంటి ఊళ్లో రోజూ తెలుస్తుంది.

1998లో అనా బోర్ట్జ్ అనే బ్రెజిల్ పాత్రికేయురాలు హమమత్సులో ఒక నగల దుకాణానికి వెళ్లారు. ఏ దేశమని యజమాని అడిగాడు. బ్రెజిల్ అనగానే విదేశీయులకు ప్రవేశం లేదని బయటికి పంపే ప్రయత్నం చేశాడు. ఆవిడ ఊరుకోలేదు, కోర్టుకెక్కారు. దుకాణాల్లో ఇలాంటి వివక్ష చూపితే శిక్షించే చట్టం జపాన్‌లో లేదు. అయినా 1999 అక్టోబరులో హమమత్సులోని కోర్టు ఆవిడ పక్షాన తీర్పిచ్చి, 15 లక్షల యెన్ల పరిహారం ఇప్పించింది. జాతి వివక్షను రూపుమాపాలన్న ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో జపాన్ 1995లో చేరింది. న్యాయమూర్తి దాన్నే ఆధారం చేసుకున్నారు. ఒక్క ఆడమనిషి, పరాయి దేశంలో, పరాయి భాషలో నిలబడి సాధించిన తీర్పు అది. తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఆ తర్వాత నగరపాలకులు కూడా కదిలారు. 2001లో విదేశీయులు ఎక్కువగా ఉన్న 13 ఊళ్ల ప్రతినిధులు హమమత్సులో సమావేశమై కేంద్ర ప్రభుత్వం ముందు కోరికలు పెట్టారు. వీళ్ల పిల్లలకు చదువు, పనిచేసేవాళ్లకు బీమా, ఊరి లెక్కల్లో వీళ్లకు సరైన చోటు కావాలన్నారు. అప్పట్లో విదేశీయులకు వేరే రిజిస్టరు ఉండేది. జపాన్ మనిషిని పెళ్లాడిన విదేశీ భార్య పేరు ఆ కుటుంబ నివాస పత్రంలో మామూలుగా కనబడేది కాదు. 2012 జులై నుంచి ఆ పాత పద్ధతి పోయి, అందరూ ఒకే నివాసుల పట్టికలోకి వచ్చారు. ఇవాళ నేను వార్డు ఆఫీసుకెళ్లి కాగితం తీసుకుంటే అందులో మా ఇంటిల్లిపాది పేర్లూ వరసగా ఉంటాయి. చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు.

ఈ రెంటికీ మధ్యలో 2008 ఆర్థిక సంక్షోభం వచ్చింది. మొదట ఊడినవి కాంట్రాక్టు ఉద్యోగాలు, వాటిలో ఉన్నది ఎక్కువగా బ్రెజిల్ వాళ్లే. చాలామందికి పనితోపాటు కంపెనీ ఇచ్చిన గదీ పోయింది. 2009లో ప్రభుత్వం ఒక పథకం పెట్టింది. స్వదేశం వెళ్లిపోతామంటే పనివాడికి 3 లక్షల యెన్లు, కుటుంబంలో మిగతా ఒక్కొక్కరికి 2 లక్షలు ఇస్తామన్నారు. కానీ డబ్బు తీసుకున్నవాళ్లు మళ్లీ అదే వీసా మీద రాకూడదన్నారు. దేశమంతా కలిపి 20 వేల మందికి పైగా తీసుకున్నారు. పనున్నప్పుడు రమ్మని, లేనప్పుడు చార్జీలిచ్చి పంపేయడం తప్పని నేను గట్టిగా నమ్ముతాను. బడిలో స్నేహితులను వదిలి, సరిగా రాని పోర్చుగీసుతో బ్రెజిల్ విమానం ఎక్కిన పిల్లల సంగతి ఆ లెక్కల్లో ఎక్కడా లేదు.

హమమత్సును నేను మెచ్చుకునేది పిల్లల విషయంలోనే. జపాన్ చట్టం ప్రకారం నిర్బంధ విద్య జపాన్ పౌరుల పిల్లలకే వర్తిస్తుంది. విదేశీ పిల్లలు బడికి రాకపోతే అడిగేవాళ్లుండరు. 2011లో హమమత్సు నగరం ఆ పని తనమీద వేసుకుంది. రిజిస్టరులో పేరుండి బడిలో లేని ప్రతి పిల్లవాడి ఇంటికీ మనుషులను పంపింది. తలుపు తట్టి, ఎందుకు పంపడం లేదో కనుక్కుని, భాష రాకపోతే నేర్పే ఏర్పాటు చేసి, బడిలో చేర్పించింది. మూడేళ్లకో ఐదేళ్లకో వెళ్లే మన తెలుగు కుటుంబాలకు ఇది ఎంత ఊరటో అక్కడున్నవాళ్లకే తెలుస్తుంది. ఇంగ్లిష్ బడి కోసం పెద్ద నగరాలకు పరుగెత్తక్కర్లేదు. ఇంటి దగ్గరి మామూలు బడిలో వేస్తే పిల్లలకు జపనీస్‌తోపాటు స్నేహితులూ దొరుకుతారు, తల్లిదండ్రులకు ఊరితో పరిచయమూ కలుగుతుంది. తిరిగొచ్చాక ఇక్కడి సిలబస్ అందుకోవడం కష్టమే. ఆ టెన్షన్ నిజమైనదే, నేను కాదనను. అయినా చిన్న పిల్లలైతే ఆ బడికే పంపమంటాను.

ఇక రోజువారీ సంగతులకొస్తాను. కాపురం పెట్టిన 14 రోజుల్లో వార్డు ఆఫీసులో చిరునామా నమోదు చేసుకోవాలి. ఆరోగ్య బీమా అందరికీ తప్పనిసరి. డాక్టరు దగ్గరికెళ్తే ఖర్చులో మామూలుగా 30 శాతం మనం కట్టుకుంటాం. నివాస పన్ను కిందటి ఏడాది ఆదాయం మీద పడుతుంది. అందుకే కొత్తగా వచ్చినవాళ్లకు మొదటి ఏడాది తేలిగ్గా గడిచి, రెండో ఏడాది జీతంలో కోత కనిపించి గుండె గుభేల్‌మంటుంది. ఇండియా కంపెనీ తరఫున వెళ్లేవాళ్లకు పింఛను మాత్రం రెండుచోట్లా కట్టే బాధ లేదు. 2016 నుంచి రెండు దేశాల మధ్య ఒప్పందం అమల్లో ఉంది, ఐదేళ్ల లోపు పంపినవాళ్లు ఇండియాలో కడితే చాలు.

ఇల్లు దొరకడమే కష్టం. మేము వెతికినప్పుడు ఒక ఏజెన్సీలో మా ముందే ఇంటి యజమానికి ఫోన్ చేశారు. "విదేశీయులండీ" అన్న మాట వినబడింది, తర్వాత కాసేపు మౌనం, ఆ పైన క్షమాపణ. ఆ క్షమాపణ ఎంతో మర్యాదగా ఉంది. ఇల్లు మాత్రం ఇవ్వలేదు. మంచి జీతం, పెద్ద కంపెనీ ఉత్తరం, హామీ ఇచ్చే సంస్థ, ఇవన్నీ ఉన్నా కొన్ని తలుపులు తెరుచుకోవు. మర్యాదగా చెప్పినా వివక్ష వివక్షే. దీన్ని అక్కడివాళ్ల సంస్కృతి అని సర్దుకుపోకూడదు.

దొరికిన ఇంటి పక్కన ఒక పెద్దావిడ ఉండేవారు. చెత్త సంగతి నాకు నేర్పింది ఆవిడే. కాలే చెత్త ఒక రోజు, ప్లాస్టిక్ కవర్లు ఇంకో రోజు, సీసాలు డబ్బాలు మరో రోజు. నీళ్ల సీసా మూత తీసి, చుట్టూ ఉన్న కాగితం ఒలిచి, కడిగి పెట్టాలి. వీధి చివర చెత్త పెట్టే చోట కాకులు చింపకుండా ఒక వల కప్పుతారు. ఆ వల సర్ది, చుట్టూ ఊడ్చే బాధ్యత ఇంటింటికీ వంతుల మీద వస్తుంది. తప్పుగా వేరు చేసిన సంచీని బండివాళ్లు తీసుకెళ్లరు, స్టిక్కరు అంటించి వదిలేస్తారు. అది ఎవరిదో వీధంతటికీ తెలుస్తుంది. మా వంతు మొదటిసారి వచ్చిన పొద్దున చీపురు పట్టుకుని వెళ్తే, ఆవిడ అప్పటికే అక్కడ నిలబడి ఉన్నారు. ఏమీ మాట్లాడకుండా వల ఒక కొస పట్టుకున్నారు, రెండో కొస నేను పట్టుకున్నాను.

వీధి సంఘం నోటీసులు ఒక అట్టకు తగిలించి ఇంటి నుంచి ఇంటికి పంపుతారు. చదివి, సంతకం పెట్టి, పక్కింటికి ఇవ్వాలి. మా ఇంటికి వచ్చేసరికి ముఖ్యమైన కాంజీ అక్షరాల, అంటే చైనా నుంచి వచ్చిన కష్టమైన అక్షరాల పైన పెన్సిలుతో, నాకు చదవడం వచ్చిన హిరగాన అనే తేలిక లిపిలో రాసి ఉండేది. ఆవిడ చేతిరాతే.

వంట గురించి చెప్పకపోతే మీరు ఒప్పుకోరు. కందిపప్పు, చింతపండు, మినపప్పు ఇండియా సరుకులమ్మేచోటో ఆన్‌లైన్‌లోనో దొరుకుతాయి. పచ్చి కరివేపాకుకు మాత్రం మొహం వాచిపోతాం. కొత్తిమీర కావాలంటే బ్రెజిల్ వాళ్ల దుకాణమే దిక్కు. ముప్పై ఏళ్లుగా వాళ్లు వేసిన బాటలో మనం హాయిగా నడుస్తున్నాం. ఈమధ్య ఇంకో మంచి మార్పు వచ్చింది. భారతీయ ఇంజనీర్లు పెరగడంతో సుజుకి తన క్యాంటీన్‌లో మన శాకాహార భోజనం పెట్టడం మొదలుపెట్టింది. ఊళ్లోని పాత వంట సంస్థతో కలిసి వండించిన ఆ కూరలను 2025లో ప్యాకెట్లలో అమ్మకానికి కూడా పెట్టింది. వాటిలో ముల్లంగి సాంబారు ఒకటి. శాకాహారికి బయట తిండి దొరకడం కష్టమైన దేశంలో ఒక కార్ల కంపెనీ సాంబారు అమ్ముతోందంటే నాకెంత సంతోషమో చెప్పలేను.

బండి లేకపోతే ఈ ఊళ్లో కాళ్లు కట్టేసినట్టే. మనలాగే ఎడమవైపు నడుపుతారు. ఇండియాలో తీసుకున్న అంతర్జాతీయ పర్మిట్ ఒక ఏడాది పనికొస్తుంది, ఆ తర్వాత జపాన్ లైసెన్సు కావాలి. 2025 అక్టోబరు నుంచి రాతపరీక్షలో 50 ప్రశ్నలు పెట్టారు, 90 శాతం రావాలి. డ్రైవింగ్ పరీక్షలో అద్దాలు చూస్తే చాలదు, చూశారని పరీక్షాధికారికి కనబడాలి.

మే 3 నుంచి 5 వరకు జరిగే గాలిపటాల పండుగను తప్పకుండా చూడాలి. సముద్రపు ఒడ్డున ఒక్కో పేట తన గుర్తు వేసిన పెద్ద పటాన్ని బాకాలు, డప్పులతో ఎగరేస్తుంది. ఇంట్లో తొలిచూలు బిడ్డ పుడితే బిడ్డ పేరు రాసిన పటం ఎగరేస్తారు. మధ్యాహ్నం పోటీలో తాళ్లు ఒకదాన్నొకటి రాసుకుంటాయి. జనపనార తాడు అది. గుంపు మధ్య నిలబడితే మాడిన వాసన ముక్కుకు తగులుతుంది, అంత ఒరిపిడి. మా పేట తాడు లాగడానికి నన్నూ పిలిచారు. చేతులు బొబ్బలెక్కినా వదలాలనిపించలేదు.

అదే తీరంలో ఇప్పుడు 17.5 కిలోమీటర్ల పొడవున సునామీ గట్టు ఉంది. దానికి అక్కడ పుట్టిన ఒక ఇళ్ల నిర్మాణ సంస్థ 3,000 కోట్ల యెన్లు విరాళమిచ్చింది. ఆ ప్రాంతానికి నన్‌కాయ్ భూకంపం, అంటే ఆ తీరం పక్కన సముద్రం అడుగున వచ్చే పెద్ద భూకంపం, భయం ఎప్పుడూ ఉంటుంది. 1995లో కోబె నగరంలో వచ్చిన భూకంపంలో శిథిలాల కింద చిక్కుకున్నవాళ్లలో ఎక్కువమందిని బయటికి తీసింది ఇంట్లోవాళ్లూ ఇరుగుపొరుగువాళ్లే. అధికార ప్రకటనలు అర్థంకాక విదేశీయులు అల్లాడిపోయింది కూడా అప్పుడే. ఆ తర్వాతే విదేశీయులకు అర్థమయ్యేలా తేలిక జపనీస్‌లో సమాచారం ఇచ్చే పద్ధతి పుట్టింది. ఇవాళ హమమత్సు నగరం పోర్చుగీసులోనూ, ఇంగ్లిష్‌లోనూ, ఆ తేలిక జపనీస్‌లోనూ హెచ్చరికలు ఇస్తోంది. ఓటు మాత్రం ఇంకా లేదు. పన్ను కడతాం, వల సర్దుతాం, గట్టు పక్కన బతుకుతాం, మేయరును ఎన్నుకునే హక్కు లేదు. ఎన్నో ఏళ్లుగా అక్కడే ఉంటున్న బ్రెజిల్ కుటుంబాలకైనా ఆ హక్కు ఇవ్వాలని నా కోరిక.

మీలో ఎవరైనా, మీ పిల్లలైనా ఆ వైపు వెళ్తుంటే ఇంట్లో దిగిన మొదటి వారమే వీధి సంఘంలో పేరు రాయించండి. నెలకు కొన్ని వందల యెన్లే. డిసెంబరు మొదటి ఆదివారం, హమమత్సు ఉన్న షిజుఒకా ప్రాంతమంతటా వీధివీధినా భూకంప కసరత్తు చేస్తారు. ఆ పొద్దున పిల్లలతో సహా వెళ్లండి. ఏ ఇంట్లో ఎంతమంది ఉంటారో అక్కడ రాసుకుంటారు. మీ ఇంటి లెక్క మీరే దగ్గరుండి చెప్పండి, ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే వాళ్లనూ కలిపి చెప్పండి.

సెలవు. నమస్కారం.