విండోస్ మార్చాక ల్యాప్‌టాప్ మొరాయిస్తే: ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారమండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. అప్పట్నుంచి నరసాపురం మొదలు యానాం దాకా ఇళ్లల్లో ఉన్న ల్యాప్‌టాప్‌లకి విండోస్ 11 ఎక్కిస్తున్నారు. ఎక్కించాక నత్తనడక, మధ్యలో ఆగిపోవడం. దీనిమీదే ఈ పూట కార్యక్రమం. స్టూడియోలో ల్యాప్‌టాప్ సర్వీస్ ఇంజినీరు గారున్నారు. మొదటి ఫోన్ రాజోలు నుంచి. చెప్పండి.

శ్రోత (రాజోలు): నమస్కారమండి. మా అమ్మాయి డిగ్రీ చదువుతుందండి. దాని ల్యాప్‌టాప్‌కి వారం కిందట పదకొండు ఎక్కించుకుంది. ఆన్ చేసి, టీ కాచుకుని తాగొచ్చినా ఆ చుక్కలు ఇంకా తిరుగుతానే ఉంటాయండి.

ఇంజినీరు: ప్రాసెసర్ ఏంటండి? ర్యామ్ ఎంత?

శ్రోత (రాజోలు): స్టిక్కరు మీద ఐ5, ఎనిమిదో జనరేషన్ అనుందండి. ర్యామ్ నాలుగు జీబీ. డిస్కు ఒక టీబీ.

ఇంజినీరు: ల్యాప్‌టాప్ ఎదురుగా ఉంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. పైన సీపీయూ, మెమరీ, డిస్క్ అని వరసలుంటాయి. అంకెలు చదవండి.

శ్రోత (రాజోలు): సీపీయూ 14 శాతం, మెమరీ 91, డిస్కు 100... ఎర్రగా ఉందండి.

ఇంజినీరు: అదిగోనండి. ప్రాసెసర్ ఖాళీగా కూర్చుంది, డిస్కు దగ్గర జాతర. అదే కిటికీలో పెర్ఫార్మెన్స్ నొక్కి, డిస్క్ 0 కింద హెచ్‌డీడీ అనుందో ఎస్ఎస్‌డీ అనుందో చూడండి. హెచ్‌డీడీ అంటే తిరిగే హార్డ్ డిస్కు, ఎస్ఎస్‌డీ అంటే తిరిగే భాగాల్లేని చిప్‌ల డిస్కు.

శ్రోత (రాజోలు): హెచ్‌డీడీ అండి.

ఇంజినీరు: సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కేవారు కదా?

శ్రోత (రాజోలు): ఆయ్, మాకు రోజూ పనేనండి.

ఇంజినీరు: రేవులో బళ్లు పదున్నా వందున్నా పంటు ఒకటే, గోదారి దాటడానికి పట్టే టైమూ అంతే. తిరిగే హార్డ్ డిస్కులో సూది కూడా ఒక ట్రిప్పుకి ఒక చోటికే వెళ్తుంది. చెదురుమదురుగా ఉన్న చిన్న ఫైళ్లయితే సెకనుకి వంద కూడా అందుకోలేదు. మామూలు ఎస్ఎస్‌డీ అయితే వేలల్లో అందిస్తుంది. విండోస్ 11 ఎక్కిన కొత్తలో ఫైళ్లకి ఇండెక్స్ రాసుకోవడం, విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ అన్నిటినీ తనిఖీ చేయడం, స్టోర్ యాప్‌ల అప్‌డేట్లు, అన్నీ ఒకేసారి రేవులో నిలబడతాయి. రెండు రోజుల్లో అది సద్దుమణగాలి. ఛార్జర్ పెట్టి, స్లీప్‌ని ‘నెవర్’ చేసి, ఒక రాత్రి వదిలేస్తే చాలావరకు అయిపోతుంది. మీకు వారమైనా వంద ఉందంటే కారణం వేరే.

శ్రోత (రాజోలు): ఏంటండది?

ఇంజినీరు: ర్యామ్ అండి, అంటే నడుస్తున్న ప్రోగ్రాములు తాత్కాలికంగా ఉండే చోటు. టాస్క్ మేనేజర్‌లో మెమరీ అన్నది అదే. నాలుగు జీబీలో సగం పైన విండోసే తీసుకుంటుంది. బ్రౌజర్ తెరిస్తే చోటు చాలదు. చాలనిదాన్ని పేజ్ ఫైల్ పేరుతో హార్డ్ డిస్కు మీదే పెడుతుంది. అంటే ర్యామ్ కొరత డిస్కు వందగా కనపడతా ఉంది. యూట్యూబ్‌లో ‘సిస్‌మెయిన్ సర్వీసు ఆపేయండి’ అంటారు. తరచూ వాడే ప్రోగ్రాముల్ని ముందే ర్యామ్‌లోకి తెచ్చిపెట్టేది అది. ఈ డిస్కు మీద కాస్త ఊపిరి ఆడుతుంది గానీ రోగం పోదు.

వ్యాఖ్యాత: మరి డబ్బు పెట్టాలంటే ముందు దేనికి పెట్టాలండి?

ఇంజినీరు: ఒక్కటే కొనగలిగితే ఎస్ఎస్‌డీ, ఆ పేజ్ ఫైల్ కూడా దాని మీద వేగంగా నడుస్తుంది. రెండూ కుదిరితే ఇంకో 4 జీబీ గానీ 8 గానీ ర్యామ్. టాస్క్ మేనేజర్‌లో మెమరీ నొక్కితే ‘స్లాట్స్ యూజ్డ్’ దగ్గర రెండిట్లో ఒకటి అనుంటే ఇంకోటి పెట్టొచ్చు. ఎనిమిదో జనరేషన్ కాబట్టి ఎక్కువగా డీడీఆర్4 రకం ర్యామ్, ల్యాప్‌టాప్ సైజుది. అయినా మోడల్ నంబరు చూపించే కొనండి. డిస్కుకి రెండున్నర అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ, 7 మిల్లీమీటర్ల మందం, అచ్చం పాతదాని చోట్లో కూర్చుంటుంది. పాత డిస్కులో 180 జీబీ నిండి ఉంటే 240 సరిపోతుంది, 480 అయితే నిశ్చింత. యూఎస్‌బీ నుంచి సాటా కేబుల్ ఒకటి తీసుకుని, కొత్తదాన్ని బయట తగిలించి, క్లోనింగ్ సాఫ్ట్‌వేర్‌తో మొత్తం డిస్కుని కాపీ చేయాలి. సీ డ్రైవ్ ఒక్కటే చేస్తే బూట్ కాదు.

కాకపోతే అదంతా తర్వాత. ముందు పాత డిస్కు ఆరోగ్యం చూడాలి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అని ఉచిత ప్రోగ్రాం ఉంది, దాన్ని దింపుకుని పైన ‘గుడ్’ అని నీలంగా ఉందో, ‘కాషన్’ అని పసుపుగా ఉందో చూడమని అమ్మాయికి చెప్పండి. కాషన్ ఉంటే మళ్లీ ఫోన్ చేయండి.

ఇంకో మాట. పాత విండోస్ 10కి వెనక్కి వెళ్లే వీలు పది రోజులే. సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో ‘గో బ్యాక్’ ఉంటుంది. మీకు మూడు రోజులే మిగిలాయి. ఖాళీ కోసం డిస్క్ క్లీనప్‌లో ‘ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్’ తుడిచేస్తే ఆ మీట కూడా పోతుంది. గడువు పెంచుకోవచ్చు. కమాండ్ ప్రాంప్ట్, అంటే ఆదేశాలు టైపు చేసే కిటికీ, అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఇంగ్లీషులో ఇలా కొట్టాలి: డిఐఎస్ఎమ్, ఒక ఖాళీ, ముందుకు వాలిన గీత, ఆన్‌లైన్, ఖాళీ, గీత, సెట్, చిన్న అడ్డగీత, ఓఎస్ అన్ఇన్‌స్టాల్ విండో మొత్తం కలిపి, ఖాళీ, గీత, వాల్యూ, రెండు చుక్కలు, 60. అరవై రోజులవుతుంది. పది రోజులు దాటాక కొడితే పని చేయదు.

శ్రోత (రాజోలు): రాసుకున్నానండి, అలాగేనండి.

వ్యాఖ్యాత: తర్వాత భీమవరం నుంచి. చెప్పండి.

శ్రోత (భీమవరం): చెరువుల లెక్కలన్నీ ల్యాప్‌టాప్‌లోనే ఉంటాయండి. పదకొండుకి మారాక స్పీడు బానే ఉంది. కానీ రోజుకి రెండు మూడు సార్లు తనంతట తనే రీస్టార్టవుతుంది. వైఫై కూడా మధ్యలో పోతుందండి.

ఇంజినీరు: రీస్టార్టయ్యే ముందు నీలం గానీ నల్లగానీ తెర వచ్చి ఏదైనా రాస్తుందా? లేక ప్లగ్ పీకినట్టు టక్కున ఆరిపోతుందా?

శ్రోత (భీమవరం): కొన్నిసార్లు రాస్తుందండి, కొన్నిసార్లు టక్కున పోతుంది.

ఇంజినీరు: అయితే జబ్బులు రెండు. విడివిడిగా చూడాలి. టక్కున పోయేది ముందు. ఇన్వర్టర్ ఉందా? కరెంటు పోయినప్పుడేనా?

శ్రోత (భీమవరం): ఇన్వర్టరుందండి. ఆలోచిస్తే... ఆ, కరెంటు పోయినప్పుడే.

ఇంజినీరు: అది విండోస్ తప్పు కాదండి, బ్యాటరీది. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటు బ్యాటరీ మోయాలి, మీది మోయలేకపోతుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ, ఖాళీ, ముందుకు వాలిన గీత, బ్యాటరీరిపోర్ట్ అని కొట్టండి. ఒక ఫైలు తయారవుతుంది. అందులో ‘డిజైన్ కెపాసిటీ’ 41,000 ఉండి ‘ఫుల్ ఛార్జ్ కెపాసిటీ’ 9,000 ఉందనుకోండి, బ్యాటరీ మార్చేయాల్సిందే. టచ్‌ప్యాడ్ కింద ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం ఇక వాడొద్దు, ఛార్జింగూ పెట్టొద్దు.

రెండోది, రాసి ఆగేది. ఇది డ్రైవర్ గొడవే అయ్యుంటుంది, వైఫై కూడా పోతుందన్నారు కాబట్టి. డ్రైవర్ అంటే వైఫై లాంటి భాగాన్ని విండోస్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి పెర్ఫ్‌మాన్, ఖాళీ, గీత, రెల్ అని కొట్టండి. రోజువారీ పట్టీ వస్తుంది, ఎర్ర గుర్తున్న రోజు నొక్కితే ఆ రోజు ఏం పడిపోయిందో ఉంటుంది. ఆగిన తెర మీద ‘వాట్ ఫెయిల్డ్’ అని ఏదైనా ఫైలు పేరుంటే ఫోన్‌తో ఫొటో తీయండి. చివర ఎస్‌వైఎస్ అనుంటే అది డ్రైవరు. వైఫైదే అయితే డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్స్, దాని ప్రాపర్టీస్, డ్రైవర్, ‘రోల్ బ్యాక్’ నొక్కితే పాత డ్రైవర్ వస్తుంది. అప్‌గ్రేడ్ తర్వాత ఆ మీట చాలాసార్లు వెలిసిపోయి ఉంటుంది, నొక్కడానికి రాదు. అప్పుడు ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో మీ మోడల్ పేరుతో విండోస్ 11 డ్రైవర్ దింపుకోండి. ‘డ్రైవర్ అప్‌డేటర్’ అని ప్రకటనల్లో వచ్చే ప్రోగ్రాముల జోలికి మాత్రం పోకండి, ఉన్నవి కూడా చెడగొడతాయి. వైఫై అడాప్టర్ ప్రాపర్టీస్‌లోనే పవర్ మేనేజ్‌మెంట్ అనే పేజీ కనిపిస్తే ‘పవర్ ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపొచ్చు’ అనే టిక్కు తీసేయండి. వైఫై మధ్యలో పోవడానికి అది కూడా ఒక కారణం.

శ్రోత (భీమవరం): యాంటీవైరస్ కొన్నామండి, అది ఉండొచ్చా?

ఇంజినీరు: పాత వెర్షన్ అయితే అదే దొంగ కావచ్చు. అన్‌ఇన్‌స్టాల్ చేసి రెండు రోజులు చూడండి. అది తీయగానే డిఫెండర్ తనే పనిలోకి వస్తుంది, భయం లేదు. ఇన్ని చేసినా ఆగుతుంటే సిస్టమ్ ఫైళ్లు సరిచేయాలి: కమాండ్ ప్రాంప్ట్‌లో కొట్టే ఆదేశాలు రెండున్నాయి, ముందు డిఐఎస్ఎమ్‌తో రిస్టోర్ హెల్త్, తర్వాతే ఎస్ఎఫ్‌సీ స్కాన్ నౌ. చాలామంది తిరగేసి చేస్తారు. ఎస్ఎఫ్‌సీ సరుకు తెచ్చుకునే గిడ్డంగిని డిఐఎస్ఎమ్ బాగుచేస్తుంది, గిడ్డంగే పాడైతే సరుకెక్కడిది? 62 శాతం దగ్గర చాలాసేపు ఆగినట్టుంటుంది, కంగారుపడి మూసేయకండి.

వ్యాఖ్యాత: అంబాజీపేట నుంచి ఒకమ్మ లైన్లో ఉన్నారు.

శ్రోత (అంబాజీపేట): నేను ట్యూషన్లు చెప్తానండి. ఫ్యాను హోరెత్తిపోతుంది, వీడియో క్లాసులో అయితే మౌస్ కూడా కదలదు. డిస్కు ఎస్ఎస్‌డీయే.

ఇంజినీరు: మీ చుట్టుపక్కల కొబ్బరి పీచు ఆడే షెడ్లున్నాయా అమ్మా?

శ్రోత (అంబాజీపేట): ఇంటి వెనకాలేనండి.

ఇంజినీరు: ఆ పీచు పొట్టు ఫ్యానుకీ, దాని ముందుండే రాగి రెక్కలకీ మధ్య దుప్పటిలా పేరుకుంటుంది. వేడి బయటికి పోదు. ప్రాసెసర్ 95, 100 డిగ్రీలకి చేరితే కాలిపోకుండా వేగం తగ్గించుకుంటుంది. కింది మూత తీసి, బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, ఫ్యాను రెక్క తిరక్కుండా పుల్లతో ఆపి బ్లోయర్ పెట్టాలి. తిరగనిస్తే ఫ్యాను బేరింగ్ దెబ్బతింటుంది. వేడి గొట్టం విప్పితే ప్రాసెసర్ మీద వేడిని దాటించే పాత పేస్టు తుడిచి కొత్తది వేయాలి, బియ్యపు గింజంత చాలు. మీ ఊళ్లో అయితే ఏడాదికోసారి చేయించండి. మంచం మీద, దిండు మీద పెట్టి వాడొద్దు.

ఇంకోటి చూడండమ్మా. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ వేగం 0.39, 0.79 గిగాహెర్ట్జ్ దగ్గర కదలకుండా ఉంటే అది వేడి కాకపోవచ్చు, ఛార్జర్‌ది కావచ్చు. వేరే ఛార్జర్ కొన్నారా ఈమధ్య?

శ్రోత (అంబాజీపేట): అవునండి! పాతది పోతే బజార్లో కొన్నాం.

ఇంజినీరు: కొన్ని కంపెనీల ల్యాప్‌టాప్‌లు ఛార్జర్‌ని గుర్తుపట్టకపోతే వేగం కట్టేస్తాయి. ఛార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపి చూడండి. వేగం లేస్తే దొంగ దొరికినట్టే. అడుగున 65 వాట్లు అనుంటే 45ది సరిపోదు.

వ్యాఖ్యాత: మండపేట వారు క్లుప్తంగా చెప్పండి.

శ్రోత (మండపేట): ఐ3 ఆరో జనరేషనండి. ‘సపోర్ట్ లేదు’ అంటే పెన్‌డ్రైవ్‌తో దాటించి ఎక్కించారు. నెలైంది, బరువుగా ఉంది.

ఇంజినీరు: విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచే అధికారికంగా మద్దతండి. అది ఊరికే పెట్టిన గీత కాదు. హానికర ప్రోగ్రాములు విండోస్ లోపలి భాగంలోకి చొరబడకుండా ఆపే మెమరీ ఇంటిగ్రిటీ అనే రక్షణకి కావాల్సిన హార్డ్‌వేర్ సాయం ఆరో జనరేషన్‌లో లేదు, ఆ పనంతా సాఫ్ట్‌వేరే మోయాలి. విండోస్ సెక్యూరిటీ, డివైస్ సెక్యూరిటీ, కోర్ ఐసోలేషన్‌లో అది ఆన్‌లో ఉందేమో చూడండి. ఆపితే తేలికవుతుంది, రక్షణ ఒక మెట్టు తగ్గుతుంది. నా మాటడిగితే, ఫైళ్లు దాచుకుని మళ్లీ విండోస్ 10 వేసుకోండి. పొడిగించిన భద్రతా అప్‌డేట్లలో చేరితే 2026 అక్టోబర్ 13 వరకు వస్తాయని ప్రకటించారు. బ్రౌజర్, వీడియోలే అయితే లినక్స్ మింట్ హాయిగా నడుస్తుంది. ట్యాలీ రాసుకుంటే మాత్రం విండోసే దిక్కు.

వ్యాఖ్యాత: అమలాపురం నుంచి వాట్సాప్ ప్రశ్న. బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందే లేచే సెట్టింగుల్లో, సెక్యూర్ బూట్ అనే రక్షణని మార్చాక నీలం తెర వచ్చి 48 అంకెల కీ అడుగుతోందట.

ఇంజినీరు: బిట్‌లాకర్, డిస్కులోని డేటాకి విండోస్ వేసే తాళం. బయోస్ మారితే తాళం అనుమానిస్తుంది. మార్చినదాన్ని ముందు యథాతథంగా పెట్టి చూడండి, చాలాసార్లు అడగడం మానేస్తుంది. లేదంటే ఆ ల్యాప్‌టాప్‌లో వాడిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో ఫోన్లో లాగిన్ అయి, డివైసెస్‌లో రికవరీ కీ వెతకండి. కీ ఎక్కడా దొరక్కపోతే డేటా ఎవరూ తీయలేరు. తీస్తామని డబ్బడిగేవాళ్లని నమ్మొద్దు.

వ్యాఖ్యాత: రాజోలు నుంచి మళ్లీ ఫోనండి. ఈసారి అమ్మాయే చేస్తోంది.

శ్రోత (రాజోలు): సార్, క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో పెట్టానండి. పసుపు రంగులో కాషన్ అని వచ్చింది. సీ5 వరసలో ‘కరెంట్ పెండింగ్ సెక్టార్ కౌంట్’ దగ్గర పసుపు చుక్క. చివర సున్నాలన్నీ ఉండి 18 అనుంది.

ఇంజినీరు: ఆ అంకె పదహార్ల లెక్కలో ఉంటుందమ్మా. 18 అంటే ఒక పదహారు, ఎనిమిది కలిపి 24. డిస్కు మీద 24 చోట్ల రాసింది చదవలేకపోతుందన్నమాట. నెమ్మదికి ఇదీ ఒక కారణం, చదవలేని చోట పదేపదే ప్రయత్నిస్తుంది. అప్‌గ్రేడ్ వల్ల వచ్చింది కాదు, అప్‌గ్రేడ్ అంత పని చెప్పేసరికి బయటపడింది.

శ్రోత (రాజోలు): చెక్ డిస్క్ పెట్టమంటారా సార్?

ఇంజినీరు: వద్దు, ఇప్పుడే వద్దు. అది డిస్కంతా గంటలకొద్దీ తిప్పుతుంది, చావుబతుకుల్లో ఉన్నదాన్ని పరిగెత్తించినట్టు. క్లోన్ కూడా మధ్యలో ఆగిపోవచ్చు. పెన్‌డ్రైవ్ ఉందా?

శ్రోత (రాజోలు): 32 జీబీదుందండి.

ఇంజినీరు: ముందు ప్రాజెక్టు, సర్టిఫికెట్ల స్కాన్‌లు, తర్వాత ఫొటోలు. ఫోల్డర్ ఫోల్డర్‌గా చేయి, అంతా ఒకేసారి పట్టి లాగొద్దు. ఏదైనా ఫైలు దగ్గర ఆగిపోతే ‘స్కిప్’ కొట్టి ముందుకు పో. అయ్యాక ఆపేసి, ఎస్ఎస్‌డీ వచ్చేదాకా మళ్లీ ఆన్ చేయకు. దాని మీద విండోస్ 11 కొత్తగానే వేద్దాం. లైసెన్సు ల్యాప్‌టాప్ బోర్డుకి ముడిపడి ఉంటుంది, మళ్లీ కొనక్కర్లేదు.

శ్రోత (రాజోలు): ఇప్పుడే మొదలెడతానండి.