కొట్టు ముందు బండి ఎక్కడ ఆగాలి? గోదావరి రోడ్లు, చిన్న వ్యాపారాలపై చర్చ

యాంకర్: నమస్కారమండీ. రావులపాలెం నుంచి ఆత్రేయపురం మీదుగా బొబ్బర్లంక వెళ్లే గట్టు రోడ్డు ఒకటి, కడియపులంక నర్సరీల పక్కన వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి ఒకటి. రెండు చోట్లా దారిన పోయేవాళ్లు బండి ఆపితేనే బేరం. ఆ ఆపే దగ్గరే ప్రమాదాలూ జరుగుతున్నాయి. సంక్రాంతి రద్దీ మొదలయ్యేలోపు ఈ మాట మాట్లాడుకోవాలి. ఆత్రేయపురంలో పూతరేకుల కొట్టు నడిపే అక్క, కడియపులంక నర్సరీ రైతు, రవాణా శాఖలో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరైన సారు వచ్చారు. అక్కా, ముందు మీరే చెప్పండి. 2023లో పూతరేకులకి జీఐ ట్యాగ్, అంటే ఆ సరుకు ఫలానా ఊరిదేనని ఇచ్చే గుర్తింపు వచ్చింది కదా, దానివల్ల ఏమైనా మారిందా?

పూతరేకుల అక్క: పేరైతే బాగా వచ్చిందండి. ఇదివరకు ఎక్కడెక్కడి సరుకో ఆత్రేయపురం పేరు పెట్టి అమ్మేసేవాళ్లు, ఇప్పుడు అడగడానికి మాకో కాగితం ఉంది. కానీ ఆ రేకు చేసేది కొట్టులో కాదండి, ఇళ్లల్లో ఆడవాళ్లు. కుండ బోర్లించి, కింద కొబ్బరాకు మంట పెట్టి, పల్చటి గుడ్డ పిండిలో ముంచి కుండ మీద అలా పరిచి లాగేస్తే రేకు వచ్చేస్తుంది. మంట ఎక్కువైతే చిరుగుతుంది, తక్కువైతే ఊడి రాదు. ఆ వేడి ముందు పొద్దుటి నుంచీ కూర్చుంటే చేతులు ఎలా ఉంటాయో చూడండొకసారి. ఆ రేకులు వందల లెక్కన మాకు ఇస్తారు, మేం నెయ్యి రాసి, బెల్లమో పంచదారో వేసి మడతపెడతాం. కార్లు ఆగకపోతే నా ఒక్కదాని కొట్టే కాదు, ఆ ఇళ్లన్నీ ఖాళీగా కూర్చోవాల్సిందే.

యాంకర్: అయితే కార్లు ఆగాలి. ఎలా ఆగుతున్నాయి మరి?

పూతరేకుల అక్క: ఉన్నపళంగా ఆగిపోతాయండి! బోర్డు కనపడగానే బ్రేకు. వెనకాల మోటారు సైకిలు మీద భార్యా పిల్లలతో వచ్చేవాడు ఏమైపోవాలి? ఒక పక్క కాలువ, ఒక పక్క కొట్లు, పక్కకి తప్పుకోవడానికి చోటెక్కడిది. లొల్ల లాకుల దగ్గర ఆదివారం సాయంత్రం చూడండి, ఫొటోలు దిగేవాళ్లు, కారు తలుపు వెనక్కి చూడకుండా తీసేవాళ్లు. పండగ రోజుల్లో నాకు బేరం కంటే రోడ్డు మీదే కళ్లు, అంత టెన్షన్.

మాజీ ఇన్‌స్పెక్టర్: అమ్మ చెప్పింది అక్షరాలా నిజం. లెక్క చూడండి. గంటకి 80 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి ఒక్క సెకనులో 22 మీటర్లు పోతుంది. ముందు బండి ఆగిందని గ్రహించి కాలు బ్రేకు మీదకి వెళ్లడానికే ఆ సెకను సరిపోతుంది, ఇంకా బ్రేకు పట్టనే లేదు. కాబట్టి కొట్టు ఎదురుగా బోర్డు ఉంటే లాభం లేదు, కొట్టుకి చాలా ముందు నుంచే తెలియాలి. రోడ్డు స్థలంలో పాతితే అధికారులు తీసేస్తారు, అది వాళ్ల తప్పు కాదు. మీ స్థలంలోనే, లేకపోతే ముందున్న రైతుని అడిగి ఆయన స్థలంలో, పార్కింగ్ ఎటువైపో బాణం గుర్తుతో సహా పెట్టుకోండి.

నర్సరీ రైతు: బోర్డు సంగతి సరే సార్, మా బాధ వేరే ఉంది. మా దగ్గర హైవే నాలుగు వరసలు, మధ్యలో డివైడర్. అవతల నుంచి వచ్చిన కస్టమర్ మా నర్సరీ చూస్తాడు, తిరిగి రావడానికి చాలా దూరం పోవాలి. ఎవరు పోతారు? రాంగ్ రూట్‌లో వచ్చేస్తారు. పొద్దున్నే పనికొచ్చే ఆడవాళ్లు ఆటో దిగి డివైడర్ ఎక్కి దాటతారు. మొక్క అంటు కట్టినా, కవర్లలో మట్టి నింపినా, నీళ్లు పెట్టినా వాళ్లేనండి మా నర్సరీకి ప్రాణం. వాళ్లకి దాటడానికి ఒక పద్ధతైన చోటు లేకపోవడం నాకు చాలా కష్టంగా ఉంటుంది.

మాజీ ఇన్‌స్పెక్టర్: మరి డివైడర్‌లో సందులు మూసేద్దామంటే మొదట అడ్డుపడేది వ్యాపారులే కదండీ.

నర్సరీ రైతు: అడ్డుపడతాం, ఎందుకు పడం? హైవే పక్కనే ఊరి బండ్ల కోసం వేసే సర్వీసు రోడ్డు లేకుండా సందు మూసేస్తే అవతలి బేరం అంతా పోతుంది. ముందు అది వేయండి, యూటర్న్ దగ్గర లైట్లు పెట్టండి, తర్వాత మూయండి, ఎవరూ నోరెత్తరు. పని ఒక వరసలో చేయాలి కదా.

మాజీ ఇన్‌స్పెక్టర్: వరస విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ సర్వీసు రోడ్డు వేసిన చోట కూడా దాన్ని పార్కింగ్‌గా, సరుకు దింపే జాగాగా వాడేస్తే మళ్లీ జనం హైవే మీదకే వస్తారు. అది వ్యాపారులు తమలో తాము కట్టడి చేసుకోవాల్సిందే. ఎందుకింత పట్టుపడుతున్నానంటే, 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. మొత్తం రోడ్ల పొడవులో జాతీయ రహదారులు నూటికి రెండు వంతులే, చావుల్లో వాటి వాటా 36 శాతం.

యాంకర్: ఫోన్‌లో లారీ డ్రైవర్ అన్న లైన్లో ఉన్నారు. చెప్పన్నా.

లారీ డ్రైవర్: నమస్తే అండి. నేను కడియం నుంచి మొక్కల లోడు తోలుతుంటాను. లోడింగు రాత్రిళ్లే ఎక్కువ, నర్సరీ లోపలికి లారీ తిరగదు, రోడ్డు అంచున పెట్టేస్తాం. కొమ్మలు వెనక్కి వేలాడి టెయిల్ లైటు కప్పేస్తాయి. వెనకొచ్చే బండికి లారీ ఉందని ఎలా తెలుస్తుంది? ఇంకోటి, బండి ఆగిపోతే కొందరు రాళ్లు, చెట్టు కొమ్మలు అడ్డం పెడతారు, బాగయ్యాక బండి తీసుకుని పోతారు, రాళ్లు అక్కడే ఉంటాయి! ఎర్ర రిఫ్లెక్టర్ త్రికోణం పెద్ద ఖరీదేం కాదండి. కోతల రోజుల్లో రోడ్డు మీద ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్లు పేర్చేదీ అంతే. రైతు కష్టం నాకు తెలుసు, కళ్లం లేక పోస్తున్నాడు, కానీ చీకటి పడ్డాక ఆ రాయి కనపడదు.

నర్సరీ రైతు: అన్న చెప్పింది మాకే తగిలింది, తగలాల్సిందే. వెనక రిఫ్లెక్టర్ స్టిక్కర్ లేని లారీకి, లైటు మూసుకుపోయేలా లోడు కట్టిన లారీకి గేటు పాసు ఇవ్వం అని నర్సరీ వాళ్లం అందరం అనుకుంటే చాలు. మా లోడే కదా అది.

పూతరేకుల అక్క: నేను కూడా ఒకటి చెప్తాను. కొట్టు ముందు బల్ల రోడ్డు వైపు జరిపితే బేరం ఎక్కువని అందరం కాస్త కాస్త ముందుకి జరుగుతూ వచ్చాం. పక్కవాడు జరిపాడని నేను, నన్ను చూసి ఇంకోడు. అందరూ ఒకేసారి వెనక్కి జరిగితే ఎవరి బేరమూ తగ్గదు, కారు పెట్టుకోవడానికి చోటూ వస్తుంది. ఒక్కదాన్నే జరిగితే మాత్రం మునిగేది నేనే. పంచాయతీ వాళ్లు ఒక గీత గీసి ఇవ్వాలండి.

యాంకర్: ఇది చాలా ముఖ్యమైన మాట అక్కా. ఇన్‌స్పెక్టర్ గారూ, ప్రమాదం జరిగాక ముందు చేరేది కొట్టువాళ్లే. వాళ్లకి పోలీసు కేసు భయం ఉంటుంది.

మాజీ ఇన్‌స్పెక్టర్: భయం అక్కర్లేదు. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ సాయం చేసినవాళ్లకి రక్షణ ఇస్తోంది. పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. 108కి ఫోన్ చేయండి, జాతీయ రహదారి మీదైతే 1033 కూడా. 2025 మే నుంచి గాయపడినవాళ్లకి నిర్ణీత ఆస్పత్రుల్లో ఏడు రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల దాకా నగదు లేకుండా వైద్యం అందించే కేంద్ర పథకం ఉంది. ఇది ప్రతి కొట్టు గోడ మీదా రాసి ఉండాలి. హెల్మెట్ వెనక కూర్చున్నవాళ్లకీ తప్పనిసరి అని కూడా రాయండి, మన దగ్గర ఆడవాళ్లు వెనక ఒట్టి తలతోనే కూర్చుంటున్నారు.

యాంకర్: రోడ్డు మార్పుల కోసం ఎవరిని అడగాలి?

మాజీ ఇన్‌స్పెక్టర్: కలెక్టర్ అధ్యక్షతన జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ఉంటుంది. 500 మీటర్ల ముక్కలో మూడేళ్లలో చావులో తీవ్ర గాయాలో అయిన ప్రమాదాలు ఐదు జరిగినా, పది మంది పోయినా దాన్ని బ్లాక్ స్పాట్ అంటారు. ఊరికే "ప్రమాదాలు జరుగుతున్నాయి" అని అర్జీ పెడితే పక్కన పడుతుంది. ఏ తేదీన, ఏ కిలోమీటరు రాయి దగ్గర, ఎలా జరిగిందో రాసి, ఫొటోలు పెట్టి ఇవ్వండి. రోజంతా రోడ్డు చూసేది మీరే కాబట్టి ఆ లెక్క మీ దగ్గరే ఉంటుంది.

పూతరేకుల అక్క: మా కొట్లవాళ్లం ఒక నోటు పుస్తకం పెడతామండి. పంచాయతీ గీతకి కూడా అర్జీ రాస్తాం, మీరు ఒకసారి చూసి పెట్టాలి సార్.

మాజీ ఇన్‌స్పెక్టర్: తప్పకుండా అమ్మా, పంపించండి.