రైల్వే జట్టు వింగర్, పెద్ద క్లబ్బుల కోచ్: పి.కె. బెనర్జీ

[తెరపై: 1962 జకార్తా జట్టు ఛాయాచిత్రం]

నమస్కారం. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో జరిగిన ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్లో భారత్ 2-1 తేడాతో దక్షిణ కొరియాను ఓడించి స్వర్ణం గెలిచింది. భారత్ చేసిన రెండు గోల్స్‌లో ఒకటి జర్నైల్ సింగ్‌ది, మరొకటి కుడి వింగ్‌లో ఆడిన ప్రదీప్ కుమార్ బెనర్జీది. పి.కె.గా ప్రసిద్ధులైన ఆయన కోచ్‌గా ఎదిగిన తీరు ఈ వీడియో విషయం.

జంషెడ్‌పూర్‌లో పెరిగిన పి.కె. 15 ఏళ్లకే బిహార్ తరఫున, రాష్ట్ర జట్లు తలపడే జాతీయ ఫుట్‌బాల్ టోర్నీ సంతోష్ ట్రోఫీలో ఆడారు. కలకత్తాలో కొంతకాలం ఆర్యన్ క్లబ్‌కు ఆడి, 1955లో ఈస్టర్న్ రైల్వేలో చేరారు. అంత పేరున్న ఆటగాడు కలకత్తా పెద్ద క్లబ్బులైన మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మొహమ్మడన్ స్పోర్టింగ్‌లలో దేనికీ ఆడకుండానే క్రీడాజీవితం ముగించడం ఆ రోజుల్లో అరుదు. 1958లో ఆ రైల్వే జట్టే కలకత్తా లీగ్ గెలిచింది. ఈ మూడు క్లబ్బులకు బయటి జట్టు మళ్ళీ ఆ లీగ్ గెలవడానికి 2019 దాకా పట్టింది.

జాతీయ జట్టులో ఆయన గురువు హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. రహీం శిక్షణలో పి.కె., చుని గోస్వామి, సికింద్రాబాద్ కుర్రవాడు తులసీదాస్ బలరాం ముగ్గురూ కలిసి భారత దాడికి వెన్నెముకయ్యారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో నాయకుడిగా దిగిన పి.కె., ఫ్రాన్స్‌పై గోల్ చేసి మ్యాచ్‌ను 1-1తో సమం చేశారు.

[తెరపై: 1970ల కలకత్తా మైదానాలు]

గాయాల వల్ల 1967లో ఆట విరమించిన ఆయన, 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు శిక్షణనిచ్చారు. 1972లో ఈస్ట్ బెంగాల్ బాధ్యత చేపట్టగా, కలకత్తాలో జరిగే పాత టోర్నీ ఐ.ఎఫ్.ఎ. షీల్డ్ 1975 ఫైనల్లో ఆ జట్టు మోహన్ బగాన్‌ను 5-0తో చిత్తుచేసింది. మరుసటి ఏడాదే ఆయన ఆ మోహన్ బగాన్‌కు కోచ్‌గా వెళ్లారు! 1977లో పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్‌తో ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్ 2-2తో డ్రా చేసుకుంది. ఆ గోల్స్‌లో ఒకటి హైదరాబాదీ మహమ్మద్ హబీబ్‌ది.

మ్యాచ్‌కు ముందు ఆటగాళ్లలో ఆవేశం నింపే ఆయన ప్రసంగాలకు 'వోకల్ టానిక్' అని పేరొచ్చింది. ఆ పేరు అంతగా ప్రచారం కావడం వల్ల ఆయన వ్యూహరచన మరుగున పడిందని నా అభిప్రాయం. 1997లో దేశంలోని క్లబ్బుల టోర్నీ ఫెడరేషన్ కప్ సెమీఫైనల్లో, కోచ్ అమల్ దత్తా ఆటగాళ్లను వజ్రాకారంలో నిలిపే 'డైమండ్' వ్యూహంతో దిగిన మోహన్ బగాన్‌ను, కలకత్తాలోని సాల్ట్ లేక్ స్టేడియంలో 1,30,000 మందికి పైగా చూస్తుండగా, పి.కె. శిక్షణలోని ఈస్ట్ బెంగాల్ 4-1తో ఓడించింది. బైచుంగ్ భూటియా హ్యాట్రిక్ చేశాడు. ఒక్క ప్రసంగంతో అలాంటి వ్యూహం బద్దలు కాదు.

అయితే జాతీయ జట్టు కోచ్‌గా ఆయనకు అంతటి విజయాలు దక్కలేదు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఆయన జట్టు క్వార్టర్ ఫైనల్లో సౌదీ అరేబియా చేతిలో ఓడింది. బ్యాంకాక్ కాంస్యం తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత పురుషులకు మరో పతకం రాలేదు.