రాత్రి రెండు గంటలప్పుడు పారే నీళ్లు

అందరికీ నమస్కారం. మన కాలనీ సంఘం వాళ్లు ఫోన్ చేసి "సార్, నీళ్ల మీద రెండు మాటలు చెప్పండి" అన్నారు. పళ్లు తోముకునేటప్పుడు కొళాయి కట్టెయ్యండి అని చెప్పడానికైతే నేనెందుకు, అది మీ పిల్లలే చెబుతారు. ఉద్యోగమంతా నీళ్ల పైపులతో వేగినవాణ్ణి. మీ ఇంటికి రాకముందే పోయే నీళ్ల సంగతి చెబుతాను.

మన తిరుపతికి కల్యాణి డ్యాం ఉంది. వానలు పడకపోతే అది చేతులెత్తేస్తుంది. అప్పుడు దిక్కు తెలుగుగంగ. శ్రీశైలం దగ్గర బయల్దేరిన కృష్ణ నీళ్లు పోతిరెడ్డిపాడు, వెలుగోడు, బ్రహ్మంసాగర్, సోమశిల, కండలేరు దాటుకుని ఇంత దూరం రావాలి. ఇదే కాలువలో మద్రాసుకు 15 టీఎంసీలు ఇద్దామని మూడు రాష్ట్రాలు అనుకున్నప్పుడు, దారిలో 3 పోతాయి, 12 చేరతాయి అని ముందే లెక్క రాసుకున్నారు. కాలువలో పోయేదానికి లెక్కుంది. మన వీధి కింద పైపులో పోయేదానికి? చాలా ఊళ్లలో ట్యాంకు నుంచి ఎంత వదిలారో తెలుసు గానీ, ఇళ్లకు మీటర్లు ఉండవు. మిగతాదంతా నోటి లెక్క. బిల్లు రాని నీళ్లు 20 శాతం దాటకూడదని 2008లో కేంద్రం ప్రమాణం పెట్టింది. కొలవకుండా దాటిందో లేదో ఎట్లా తెలుస్తుంది?

ఇంకో చిన్న లెక్క చెబుతాను, ఓపిక పట్టండి. రోడ్డు మీద పైపు పగిలి సెకనుకు 10 లీటర్లు పోతోందనుకోండి. ఫొటోలు తీస్తారు, కౌన్సిలర్‌కు ఫోన్లు పోతాయి, ఆరు గంటల్లో బాగుచేస్తారు. పోయింది సుమారు 2 లక్షల లీటర్లు. అదే బియ్యపు గింజ దూరేంత చిల్లు, 3 మిల్లీమీటర్లది, ఎప్పుడూ నీళ్లుండే మెయిన్ పైపుకు పడిందనుకోండి. ట్యాంకు 20 మీటర్ల ఎత్తులో ఉంటే ఆ చిల్లులోంచి గంటకు 300 లీటర్లు పోతాయి. రోజుకు 7 వేలు. తలా 135 లీటర్ల చొప్పున యాభై మందికి సరిపోయే నీళ్లు. ఏడాదికి 25 లక్షలు. ఎవరూ ఫొటో తీయరు.

ఒక ఊళ్లో, పేరు ఎందుకులెండి, ఇట్లాంటి దానికోసం మూడు రాత్రులు తిరిగాం. మా ఫిట్టర్ చేతిలో ఇనుప రాడ్డు, పైన చెవికి ఆనించుకునే చిన్న ఇత్తడి గిన్నె. రాత్రి రెండు గంటలకు, బండ్లు ఆగాక, వాల్వు మీద రాడ్డు పెట్టి వింటూ పోయేవాడు. మూడో రాత్రి ఒక చోట ఆగి, "సార్, ఈడ బుస కొడతా ఉండాది" అన్నాడు. నేనూ చెవి పెట్టాను. నిజంగా పాము బుసే! పక్కనే మురుగుకాలువలో మే నెలలో తేటనీళ్లు పారుతున్నాయి. దాన్ని మేం పగలు పదిసార్లు దాటి పోయాం. తవ్వితే మెయిన్ పైపుకు ఇంటి కనెక్షన్ బిగించే ఫెర్రూల్ అనే ముక్క దగ్గర తుప్పు పట్టిన పైపు, దాని చుట్టూ ఎప్పుడో ఎవరో కట్టిన సైకిల్ ట్యూబు ముక్క. దానికి ముందు రెండుసార్లు నేను రిపోర్టు రాసిచ్చాను. "బడ్జెట్ వచ్చాక చూద్దాం" అన్నారు పైవాళ్లు. ఇంత చిన్న పైపు ముక్క కూడా బడ్జెట్ కోసం ఎదురుచూసింది.

ఒత్తిడి సంగతి కూడా చెప్పాలి. మన ఊరు కొండ కింద మెరకలో మొదలై స్వర్ణముఖి వైపు పల్లానికి దిగుతుంది. అలిపిరి వైపు మేడ మీదికి నీళ్లెక్కాలని ఒత్తిడి పెంచితే, పల్లంలో ఉన్న చిల్లులు పండగ చేసుకుంటాయి. ఒత్తిడి సగానికి తగ్గిస్తే ఇనుప పైపు చిల్లులో లీకు దాదాపు 30 శాతం తగ్గుతుంది. ప్లాస్టిక్ పైపు పగులైతే ఇంకా ఎక్కువే తగ్గుతుంది, పగులు కూడా కొంచెం మూసుకుంటుంది కాబట్టి. అందుకే ఊరిని చిన్న చిన్న జోన్లుగా విడగొట్టి, ఒక్కోదానికి ఒక మీటరు పెట్టి, ఒత్తిడి విడిగా చూసుకోవాలంటారు.

"రోజుకు గంటసేపు నీళ్లు వదిలితేనే ఇంత పోతుంటే, 24 గంటలు వదిలితే ఊరు మునిగిపోదా?" అని అడుగుతారు. లీకులు అట్లాగే ఉంచితే మునుగుతుంది. కానీ గంట వదిలి ఆపేస్తే ఖాళీ పైపు అదే చిల్లులోంచి మురుగు లోపలికి పీల్చుకుంటుంది. మీరు కొళాయికే మోటారు బిగిస్తే ఇంకా గట్టిగా పీలుస్తుంది. కోపం తెచ్చుకోకండమ్మా, మా ఇంట్లోనూ ఒకప్పుడు బిగించారు. కంబోడియాలో నాంఫెన్ ఊరు 1993లో 72 శాతం నీళ్లు పోగొట్టుకునేది. మీటర్లు పెట్టి, దొంగ కనెక్షన్లు తీసేసి, రాత్రుళ్లు లీకులు వెతికి, దాన్ని 6 శాతం దగ్గరికి తెచ్చింది. అక్కడేమీ మనకంటే ధనవంతులు లేరు.

సరే, మనం చేసేది. ఈ రాత్రి పడుకునే ముందు సంపు గోడ మీద నీటిమట్టం దగ్గర సుద్దముక్కతో గీత పెట్టండి. మోటారు వేయొద్దు. పొద్దున్నే లేచి చూడండి. నీళ్లు వదలని రాత్రి అయ్యుండి మట్టం దిగితే మీ సంపులోనే కథ ఉంది. వచ్చే శనివారం రాత్రి రెండు గంటలకు నేను రాడ్డు తీసుకుని మొదటి క్రాస్ రోడ్డు వాల్వు దగ్గర ఉంటాను. ఎవరెవరు వస్తారో చేతులెత్తండి. నిద్ర ఆపుకోగలిగినవాళ్లే ఎత్తండి, టీ మాత్రం నాది.