పోగు తెగితే ఆగిపోయే మగ్గం: టయోటా కథ

[తెర మీద: తెల్లవారుజాము. గేటు ముందు ఆగి ఉన్న తెల్ల ఇన్నోవా, పైన తాళ్ళతో కట్టిన సూట్‌కేసులు.]

విమానాశ్రయానికి బండి కావాలని ట్రావెల్స్ వాళ్ళకు ఫోన్ చేసి చూడండి. ఎంతమంది అని అడుగుతారు. ఆ వెంటనే, "కారా, ఇన్నోవానా?" అంటారు. ఇన్నోవా కూడా కారే కదండీ అని మనమెవరమూ ఎదురు ప్రశ్న వేయం. మిగతావన్నీ కార్లు, ఇది ఇన్నోవా. అంతే, లెక్క తేలిపోయింది.

దీనికి ముందు వచ్చిన క్వాలిస్ గుర్తుందా? 2000లో మన దేశంలోకి దిగింది. పెట్టెకు చక్రాలు బిగించినట్టు ఉండేది. ఇండోనేసియాలో కిజాంగ్ పేరుతో అప్పటికే తిరిగి తిరిగి పాతబడిన నమూనా అది. పాత సరుకు తెచ్చి మనకు అంటగడుతున్నారని పత్రికలు ఎత్తిపొడిచాయి. ట్యాక్సీ డ్రైవర్లు మాత్రం ఎగబడి కొన్నారు, ఎందుకంటే అది మొరాయించేది కాదు. అంత బాగా అమ్ముడుపోతున్న బండిని ఆపేసి 2005లో ఇన్నోవాను తెచ్చారు. ఇప్పుడు 3 లక్షల కిలోమీటర్లు తిరిగిన ఇన్నోవాను అమ్మకానికి పెట్టినా, వచ్చినవాడు బేరం ధర దగ్గర మొదలుపెడతాడు, ఇంజన్ దగ్గర కాదు.

ఈ పేరు ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలంటే కార్ల ఫ్యాక్టరీకి కాదు, మగ్గాల దగ్గరికి వెళ్ళాలి.

[తెర మీద: చేతిమగ్గం. నిలువుగా పరిచిన పడుగు పోగుల మధ్య, అడ్డం నూలు మోసే నాడె అటూ ఇటూ పరుగు.]

సకిచి టయోడా 1867లో జపాన్‌లోని షిజువోకా ప్రాంతంలో ఒక పల్లెటూళ్ళో పుట్టారు. తండ్రి వడ్రంగి. ఇంట్లో తల్లి మగ్గం నేసేది. ఆమె పడే అవస్థ చూసే మగ్గం మీద పడ్డాడని అక్కడ చెప్పుకుంటారు. 1891లో చేతిమగ్గానికి తొలి పేటెంటు పొందారు. చదువుకున్న ఇంజినీరు కాదు, కొయ్యపని తెలిసిన మనిషి.

ఈ మాట వినగానే మన చింతకింది మల్లేశం గుర్తొస్తే అది మీ తప్పు కాదు. పోచంపల్లి చీరకు ఆసు పోయడానికి, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ వరసగా చుట్టడానికి, తల్లి రోజంతా వేలసార్లు చెయ్యి ఆడించి భుజం నొప్పితో బాధపడుతుంటే చూడలేక, 1999లో ఆయన ఆసు యంత్రం తయారుచేశారు. ఒకరికొకరు ఏమీ కాని ఇద్దరు కొడుకులు, ఇంచుమించు ఒకే కారణం.

సరే, సకిచి మగ్గానికి వద్దాం. ఇక్కడ కాస్త నిదానంగా చూడాలి.

1924లో ఆయన తెచ్చిన ఆటోమేటిక్ మగ్గం పేరు టైప్-జి. దానికి ముందు మరమగ్గాలు లేకపోలేదు. వాటి తంటా ఏమిటంటే, పడుగులో ఒక పోగు తెగినా అవి తమ మానాన నేసుకుంటూ పోయేవి. గజాలకొద్దీ గుడ్డ పాడయ్యాకగానీ ఎవరూ చూసేవారు కాదు. అందుకని ప్రతి కొన్ని మగ్గాలకూ ఒక మనిషి కాపలా నిలబడాలి. పని చేసేది యంత్రం, దాన్ని నమ్మలేక పక్కన నిలబడేది మనిషి.

టైప్-జిలో ప్రతి పడుగు పోగు మీదా ఒక పలుచని లోహపు రేకు వేలాడుతుంది. పోగు బిగువుగా ఉన్నంతసేపూ రేకు దానిమీద ఆని పైనే ఉంటుంది. పోగు తెగిందా, రేకు కిందికి జారుతుంది. జారిన రేకు కింద అటూ ఇటూ ఆడుతున్న కడ్డీకి అడ్డం పడుతుంది. మగ్గం టక్కున ఆగిపోతుంది. కరెంటు మీటలు లేవు, కంప్యూటర్లు లేవు. ఒక రేకు, దాని బరువు. ఇక నాడెలో నూలు అయిపోతే మగ్గం ఆగకుండానే కొత్త నాడె దానంతటదే వచ్చి చేరుతుంది. ఆగాల్సిన చోట ఆగుతుంది, ఆగనక్కరలేని చోట ఆగదు. దీంతో ఒక్క మనిషి 30కి పైగా మగ్గాలు చూసుకోగలిగాడు.

జపాన్ వాళ్ళు దీన్ని జిదోకా అన్నారు. మామూలుగా యంత్రం తనంత తాను నడవడాన్ని రాసే అక్షరాల్లో 'కదలిక' అనే గుర్తుకు పక్కన 'మనిషి' గుర్తు ఒకటి చేర్చి రాస్తారు. కదిలేది యంత్రమే, కానీ దానికి మనిషికుండే ఇంగితం పెట్టారని. అనువాదం చేయబోతే రసం పోయే మాట ఇది, కాబట్టి జిదోకా అనే పిలుద్దాం.

1929లో ఈ మగ్గం హక్కుల కోసం ఇంగ్లండులోని ప్లాట్ బ్రదర్స్ లక్ష పౌండ్లకు ఒప్పందం చేసుకుంది. ప్రపంచానికి మగ్గాలు అమ్మే ఇంగ్లండు జపాన్ వడ్రంగి కొడుకు దగ్గర మగ్గం హక్కులు కొనడం! మరుసటి ఏడాది సకిచి కన్నుమూశారు.

[తెర మీద: పాత నలుపు తెలుపు చిత్రం. రోడ్డు పక్క ఆగిపోయిన ట్రక్కు.]

ఆయన కొడుకు కీచిరో టయోడా టోక్యోలో మెకానికల్ ఇంజినీరింగ్ చదివిన మనిషి. ఆ రోజుల్లో జపాన్ రోడ్ల మీద తిరిగేవి అమెరికా బండ్లే. ఫోర్డ్ యోకొహామాలో, జనరల్ మోటార్స్ ఒసాకాలో విడిభాగాలు దింపి బిగించి అమ్ముకునేవి. 1933లో కీచిరో మగ్గాల కంపెనీలోనే ఒక మూల కార్ల విభాగం తెరిచారు.

టయోటా అంటే పుట్టుకతోనే మన్నికైన బండి అనుకునేవాళ్ళు ఇది వినాలి. 1935లో వచ్చిన వాళ్ళ తొలి ట్రక్కు జి-1 ఘోరమైన బండి. దారిలో ఆగిపోయేది, ఇరుసు దగ్గర విరిగేది. ఎక్కడ చెడిపోతే అక్కడికి పరుగెత్తి బాగుచేసి, ఎందుకు చెడిందో రాసుకుని వచ్చి, తరువాతి బండిలో ఆ భాగం మార్చేవారు. మన్నికలో వాళ్ళ తొలి పాఠాలు ఇలా రోడ్డు మీదే అయ్యాయి.

కంపెనీ పేరు టయోడా అని కాకుండా టయోటా అని ఎందుకయింది? 1936లో ముద్ర కోసం పోటీ పెడితే 27,000 దాకా ఎంట్రీలు వచ్చాయి. జపాన్ లిపిలో టయోటా అని రాయడానికి 8 గీతలు చాలు, 8 అక్కడ శుభసంఖ్య. పేరులో అక్షరం మార్చుకుని అదృష్టం వెతుక్కోవడం మనకేమీ కొత్త కాదుగా! 1937లో టయోటా మోటార్ విడి కంపెనీ అయింది. 1959లో అది వెలసిన కొరోమో పట్టణమే తన పేరు టయోటా అని మార్చుకుంది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కంపెనీ దాదాపు మునిగింది. 1949లో ఆర్థిక వ్యవస్థను గాడిలో పెట్టాలని ప్రభుత్వం బిగించిన పట్టుకు బండ్లు కొనేవాడే లేకుండా పోయాడు. ఎవరినీ ఉద్యోగంలోంచి తీసేసేది లేదని కీచిరో కార్మికులకు మాట ఇచ్చి ఉన్నారు. బ్యాంకులు మాత్రం తీసేస్తేనే అప్పు అన్నాయి. సమ్మె జరిగింది. 2,000 మందికి పైగా వెళ్ళిపోయారు. మాట నిలుపుకోలేకపోయినందుకు 1950 జూన్‌లో కీచిరో కూడా కుర్చీ దిగిపోయారు. అదే నెల 25న కొరియాలో యుద్ధం మొదలైంది. అమెరికా సైన్యం ట్రక్కులు కావాలని వచ్చింది, కంపెనీ బతికింది. మళ్ళీ అధ్యక్షుడిగా రమ్మని కీచిరోను ఒప్పించారు కానీ, బాధ్యతలు తీసుకోకముందే 1952 మార్చిలో 57 ఏళ్ళకే ఆయన చనిపోయారు. యుద్ధం తెచ్చిన లాభంతో నిలబడ్డ కంపెనీ అన్న సంగతి వాళ్ళ మహిమ పాడే వీడియోల్లో పెద్దగా వినపడదు.

[తెర మీద: ఫ్యాక్టరీ లైన్. పైన పొడవునా వేలాడే తాడు. పక్కన నంబర్లు వెలిగే బోర్డు.]

ఇప్పుడు ఆ లోహపు రేకు కార్లలోకి ఎలా వచ్చిందో చూద్దాం.

తైయిచి ఓనో అనే ఆయన టయోడా నూలు మిల్లులో పనిచేసి కార్ల వైపు వచ్చారు. పోగు తెగితే ఆగే మగ్గాలు చూసిన కళ్ళు. కార్ల లైన్ తప్పు జరిగినా ఆగకుండా పోతుంటే ఆయనకు అది మరీ వింతగా కనిపించి ఉండాలి. ఆయన ఏర్పాటు ఇది: లైన్ పొడవునా ఒక తాడు. ఎవరి పనిలో తేడా వచ్చినా, బోల్టు సరిగా బిగియకపోయినా, తాడు లాగాలి. బోర్డు మీద ఆ చోటి నంబరు వెలుగుతుంది, పాట మోగుతుంది, జట్టు నాయకుడు పరుగున వస్తాడు. బండి ఆ చోటు దాటేలోపు సరిచేయగలిగితే సరే. లేకపోతే లైన్ ఆగుతుంది. తాడు లాగినందుకు తిట్లు ఉండవు. అలాగే అమెరికా సూపర్‌మార్కెట్లలో షెల్ఫు ఖాళీ అయినంత మేరకే సరుకు నింపే పద్ధతి ఆయనకు నచ్చింది. కావలసినప్పుడు, కావలసినంతే విడిభాగాలు తెప్పించే చీటీల పద్ధతి, కాంబన్, అలా వచ్చింది. సరుకు గుట్టలుగా లేనప్పుడు తప్పు దాక్కోవడానికి చోటుండదు.

దీని బలం ఎంతో తెలిసింది జపాన్‌లో కాదు, కాలిఫోర్నియాలో. ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్‌కు ఒక ఫ్యాక్టరీ ఉండేది. వాళ్ళ ఫ్యాక్టరీలన్నిటిలోకీ దానికి చెడ్డ పేరు. చాలామంది పనికే వచ్చేవారు కాదు, వచ్చినవాళ్ళు యాజమాన్యంతో నిత్యం గొడవ. అక్కడ ఒకటే సూత్రం: ఏం జరిగినా లైన్ ఆగకూడదు. తప్పు బిగించిన బండి కూడా ముందుకు పోవాల్సిందే, తర్వాత పెరట్లో విప్పి సరిచేసేవారు. 1982లో మూసేశారు. 1984లో టయోటా, జనరల్ మోటార్స్ కలిసి అదే షెడ్డులో, ఎక్కువగా ఆ పాత కార్మికులతోనే, అదే యూనియన్‌తోనే మళ్ళీ మొదలుపెట్టాయి. కొందరిని జపాన్ పంపి తాడు లాగడం చూపించారు. కొద్దికాలానికే అక్కడి కార్ల నాణ్యత జపాన్ కార్ల దరిదాపుల్లోకి వచ్చింది. చెడ్డది మనుషులు కాదని తేలింది. 2010లో మూతపడ్డ ఆ ఫ్యాక్టరీని టెస్లా కొనుక్కుంది, ఇప్పటికీ అక్కడ కార్లు తయారవుతున్నాయి.

అమెరికాలో టయోటా తొలి అడుగు మాత్రం తడబాటే. 1957లో పంపిన క్రౌన్ అక్కడి హైవేల వేగానికి తట్టుకోలేక చేతులెత్తేసింది. 1960 నాటికి ఆ కారు ఎగుమతి ఆపేశారు. 1966లో కొరోల్లా వచ్చాక కథ మారింది. 5 కోట్లకు పైగా అమ్ముడైన పేరు అది. 1987లో చాద్ దేశపు సైనికులు టయోటా పికప్‌ల మీద వెళ్ళి లిబియా ట్యాంకులను ఓడిస్తే, ఆ పోరుకు టయోటా యుద్ధమనే పేరే పడిపోయింది. కంపెనీ కోరుకోని ప్రచారం, కానీ మన్నికకు అంతకు మించిన ధ్రువపత్రం ఏ ప్రయోగశాల ఇస్తుంది?

1989లో లెక్సస్ పేరుతో ఖరీదైన కారు తెచ్చారు. కొన్ని నెలలకే బ్రేకు లైటు గురించి, క్రూజ్ కంట్రోల్ గురించి కొద్ది ఫిర్యాదులు వచ్చాయి. అమ్మినవి 8,000 దాకా. అన్నిటినీ వెనక్కి పిలిచారు. పిలిచారనడం కన్నా, వీళ్ళే యజమానుల ఇళ్ళకు వెళ్ళి తీసుకెళ్ళారనాలి. సరిచేసి, కడిగి, పెట్రోలు నింపి తిరిగి అప్పగించారు. పరువు పోవాల్సిన చోట పేరు వచ్చింది. తాడు లాగడమంటే ఇదే.

[తెర మీద: వాషింగ్టన్. విచారణ గది, మైకు ముందు అకియో టయోడా.]

2008లో టయోటా జనరల్ మోటార్స్‌ను దాటి ప్రపంచంలో మొదటి స్థానానికి వెళ్ళింది. 2009 ఆగస్టులో కాలిఫోర్నియాలో ఒక లెక్సస్ అదుపు తప్పిన వేగంతో వెళ్ళి నలుగురు చనిపోయారు. కింద పరిచిన మ్యాట్‌లో యాక్సిలరేటర్ ఇరుక్కోవడం, పెడల్ తానే బిగుసుకుపోవడం, ఇలా లక్షల బండ్లను వెనక్కి పిలవాల్సి వచ్చింది. ఎలక్ట్రానిక్స్‌లోనే దెయ్యం ఉందని చాలామంది అన్నారు. నాసా ఇంజినీర్లు వెతికారు, 2011లో అలాంటిది కనిపించలేదని చెప్పారు. కానీ కంపెనీ అక్కడితో కడిగిన ముత్యం అయిపోలేదు. తెలిసిన లోపాల గురించి వినియోగదారులను తప్పుదారి పట్టించామని ఒప్పుకుని, 2014లో 120 కోట్ల డాలర్లు కట్టింది. 2010 ఫిబ్రవరిలో కీచిరో మనవడు అకియో అమెరికా చట్టసభ ముందు కూర్చుని, మా ఎదుగుదల మరీ వేగంగా జరిగిందేమోనని భయపడుతున్నానన్నారు. ఫ్యాక్టరీలో తాడు ఉంది. ఆఫీసు మేడ మీద లేదు.

మన దగ్గరి సంగతి ఒకటి. కార్ల కంటే ముందు, 1995లో, టయోడా సంస్థ కిర్లోస్కర్‌తో కలిసి బెంగళూరు దగ్గర పెట్టింది నూలు వడికే యంత్రాల కంపెనీ. కార్ల కంపెనీ 1997లో బిడదిలో వచ్చింది. అంటే ఇన్నోవా కూడా పోగు పట్టుకునే వచ్చింది. ఇప్పుడు షోరూములో గ్లాంజా చూస్తే అది మారుతి బలేనోకు టయోటా ముద్ర వేసిన బండి. తప్పేమీ లేదు, దాచిందీ లేదు. ఇన్నోవా సంపాదించిన పేరు దాని ముందు భాగంలో మెరుస్తుంటుంది, మీరు కొనేటప్పుడు ఆ సంగతి తెలిసి కొనండి.

చివరగా దైహత్సు. చిన్న కార్ల కంపెనీ, 2016 నుంచి పూర్తిగా టయోటాదే. 2023లో లోపలి మనిషి ఒకరు పెదవి విప్పారు: భద్రతా పరీక్షల్లో మోసం జరుగుతోందని. స్వతంత్ర కమిటీ తవ్వితే 64 మోడళ్ళు బయటపడ్డాయి, వాటిలో టయోటా పేరుతో అమ్మేవీ ఉన్నాయి. ఒక్క ఉదాహరణ చాలు. ఢీకొన్న క్షణాన్ని సెన్సర్ పసిగట్టి ఎయిర్‌బ్యాగ్‌ను తెరవాలి కదా. పరీక్షలో దానికి బదులు టైమర్ పెట్టి, లెక్కగట్టిన క్షణానికి తెరిపించారు. అన్నిటికన్నా పాతది 1989 నాటిది. అమెరికాలో లెక్సస్‌లను ఇంటింటికీ వెళ్ళి సరిచేసిన ఏడాదే అది. ఎందుకు చేశారంటే, గడువులు పిసరు కూడా జరగని చోట పరీక్ష తప్పిందని చెప్పే ధైర్యం ఎవరికీ లేదని కమిటీ రాసింది.

ఆ డిసెంబరులో జపాన్‌లోని దైహత్సు ఫ్యాక్టరీలన్నీ ఆగిపోయాయి. 34 ఏళ్ళ తర్వాత ఎవరో తాడు లాగారు.

[తెర మీద: టైప్-జి మగ్గం నడుస్తూ. ఒక పోగు తెగుతుంది. రేకు జారుతుంది. నిశ్శబ్దం.]